పెద్దబండ మీదికి రాణి ఎలా వచ్చింది

నాకు కోపం తొందరగా వస్తుంది. వచ్చినంత తొందరగా పోతుందని మా ఆయన జనార్దనరావు అందరికీ చెబుతుంటారు గాని, అది ఆయన తనకు తాను ధైర్యం చెప్పుకునే మాట. ముఖ్యంగా నేను పిల్లల ప్రాజెక్టులు దిద్దే రోజుల్లో ఇంట్లో రేడియో కూడా చిన్నగానే మోగుతుంది.

ఇబ్రహీంపట్నం బస్ డిపో దాటాక ఉండే ఒక డిగ్రీ కాలేజీలో నేను చరిత్ర చెప్పేదాన్ని. అది 2007. సాగర్ రోడ్డు పొడవునా రంగురంగుల జెండాలు పాతి, ఎకరాలను గజాలుగా కోసి అమ్ముతున్న రోజులు. మా కాలేజీ ముందు చెరుకురసం బండికి కూడా ప్లాట్ల ప్రకటన అంటించి ఉండేది. వనస్థలిపురంలో బస్సెక్కి ఇక్కడ దిగేలోపు ఎవరో ఒకరు నా చేతిలో కరపత్రం కుక్కేవారు. వాటిలో ప్రతి వెంచరూ ఎయిర్‌పోర్టుకు అతి దగ్గరే. ఎయిర్‌పోర్టు ఇంకా కట్టడం పూర్తికాలేదు, అది వేరే సంగతి.

ఆ ఏడు ఫైనలియర్ పిల్లలకు తమ ఊరి చరిత్ర రాయమని ప్రాజెక్టు ఇచ్చాను. ఏం రాసినా సరే, ఆ సంగతి మీకెలా తెలిసిందో చివర్లో రాయాలన్నాను. అదే నా కొంప ముంచింది. అక్షయ్ అనే కుర్రాడు వాళ్ళ ఊరి బురుజు ఎనిమిది వందల ఏళ్ళనాటిదని రాసి, ఆధారం దగ్గర "మా మామ" అని రాశాడు. మీ మామకు ఎలా తెలుసురా అంటే, "మా మామకు అన్నీ ఎర్కనే మేడమ్" అన్నాడు. ఇంకో అమ్మాయి ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి, దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తిరాసింది. కాకతీయుల పాలన గురించి రాస్తూ రాస్తూ మధ్యలో జుట్టు రాలకుండా ఏ నూనె వాడాలో కూడా రాసేసింది. ప్రింటులో ఉందట, వదిలేస్తే మార్కులు పోతాయని భయపడిందట.

"ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు? ఎప్పటి నుంచి తెలుసు?" అని నేను బల్ల గుద్దీ గుద్దీ అడిగేదాన్ని. దాంతో వెనక బెంచీలవాళ్ళు నాకు "ఎవరు చెప్పిన్రు మేడమ్" అని పేరు పెట్టారు. ఒకసారి బస్సులో నా వెనక సీట్లో కూర్చుని ఆ పేరుతోనే నా గురించి మాట్లాడుకుంటుంటే చెవులారా విన్నాను. కోపం రాలేదు. పిల్లలకు నా పాఠంలో ఒక్క ముక్కయినా ఎక్కిందని సంతోషించాను.

ఆ గుంపులో సాయిశ్రీ వేరు. చెరువు దాటి, గుట్టల వైపు కొంచెం లోపలికి వెళితే వాళ్ళ ఊరు. తరతరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటూ వచ్చిన కుటుంబం. ఆ అమ్మాయి ఏ పుస్తకమూ ఎత్తిరాయలేదు. వాళ్ళ బాబాయి దగ్గర టేప్ రికార్డర్ అడిగి తీసుకుని, ఊళ్ళో ఆరుగురు పెద్దవాళ్ళ ఎదురుగా కూర్చుని వాళ్ళ మాటలన్నీ క్యాసెట్ల మీదికి ఎక్కించి తెచ్చింది.

"మా ఊరి గుట్ట మీద పెద్ద బండ ఉంటది మేడమ్. ఎనకట ఒక రాణి గోల్కొండకు పోతాపోతా గాడ ఆగిందట. గందుకే రాణిబండ అంటరు. ఆరుగురు అదే మాట చెప్పిన్రు. ఒక్కలు గూడ తేడ చెప్పలే" అంది, కళ్ళు మెరుస్తుంటే.

అందరికంటే బాగా చెప్పింది వాళ్ళ తాత వీరస్వామేనట. ఆ బండ పక్కనే రాణీవనం అని ఒక వెంచర్ వేశారు. ఆదివారం ఆదివారం ప్లాట్లు చూడటానికి పట్నం నుంచి కార్లలో జనం వస్తారు. వాళ్ళకు ఆ తాత బండ ఎక్కి నిలబడి కథ చెబుతాడట. డబ్బు తీసుకోడు. ఒక చాయ్, నాలుగు నమస్కారాలు చాలు. "మా తాత నాకు చెప్పిండు అని మొదలు పెడితె అందరు నోరు తెరుచుకొని వింటరు మేడమ్" అంది సాయిశ్రీ.

ఆరుగురు మనుషులు, ఆరు గొంతులు, ఒకటే మాట. నాకు మాత్రం ఇంకేం కావాలి? యూనివర్సిటీ ప్రొఫెసర్‌ను పిలిచి కాలేజీలో విద్యార్థుల సదస్సు పెట్టాలని మా ప్రిన్సిపాల్ పరమేశ్వర్ చాలా రోజులుగా ఉబలాటపడుతున్నారు. సాయిశ్రీ చేత పత్రం చదివిద్దామన్నాను. మా కాలేజీ నుంచి అలా ఒక విద్యార్థి నిలబడి చదవడం అదే మొదటిసారి. ఆహ్వాన పత్రికలో ఆ అమ్మాయి పేరు అచ్చయింది. వాళ్ళ ఊరు ఊరంతా ఆటోలు కట్టుకుని వస్తామని కబురు పెట్టింది.

సదస్సు ఇంకా రెండు వారాలుందనగా ఆ క్యాసెట్లు ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఒక్కొక్కటే పెట్టి వింటున్నాను. మొదటి ముసలాయన దగ్గాడు, గొంతు సవరించుకున్నాడు, వానలను కాసేపు తిట్టాడు, తర్వాత కథలోకి వచ్చాడు. "రాణి గీడికొచ్చింది. బాగ అలిసింది పాపం. ప్రకృతి ఒడిలో సేదదీరెను" అన్నాడు.

ఆహా, బడి ముఖం చూడని మనిషి నోట ఎంత మంచి మాట అనుకున్నాను. రెండో క్యాసెట్ పెట్టాను. అందులో ఒకామె పేరు చెప్పమంటేనే సిగ్గుపడింది. మూడు మాటలు చెప్పాక ఆమె కూడా, "ప్రకృతి ఒడిలో సేదదీరెను" అంది. నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. మూడో గొంతు వీరస్వామిది. కంచుగొంతు. "అలసిన రాణి ప్రకృతి ఒడిలో సేదదీరెను. చల్లని పిల్లగాలులు..."

"...ఆమెకు వింజామరలు వీచెను!" అని హాల్లోంచి మా ఆయన అందుకున్నారు.

టేపులో వీరస్వామి గొంతు, హాల్లో జనార్దనరావు గొంతు, రెండూ కలిసే ఆ వాక్యం పూర్తి చేశాయి. నేను లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, పాట విన్నంత ఆనందంగా కళ్ళు మూసుకుని ఉన్నారు.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"నేను రాసింది నాకు తెలియదా వసంతా? ఎవరతను? ఉచ్చారణ కాస్త అటూ ఇటూగా ఉన్నా భావం భలే పట్టుకున్నాడు."

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తారు. శుభలేఖలకూ కరపత్రాలకూ మాటలు రాయడం ఆయన పని. ఎవరింటి పెళ్ళికైనా "చిరునవ్వుల వరుడు, సిరిమల్లెల వధువు" లేకుండా వదలరు. రాణీవనం కరపత్రం కూడా ఆయనే రాశారట. ఆ ఓనరు వచ్చి, సైటు పక్కన వట్టి బండ తప్ప ఏమీ లేదు సార్, ఏదో ఒకటి చెయ్యండి అన్నాడట.

"ఏం చేశారు?"

"ఒక రాణిని తెచ్చి కూర్చోబెట్టాను."

"ఏ రాణిని?"

"పేరు వెయ్యలేదు. వేస్తే నీలాంటివాళ్ళెవరో వచ్చి ఆధారం అడుగుతారని" అన్నారు, ఎంతో ముందుచూపు ఉన్నట్టు. "పోయిన ఎండాకాలం అంతా ఆటోకు మైకు కట్టి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పుతూ చదివించారు. ఇంతలా జనంలోకి వెళ్ళిందని నాకు తెలియనే తెలియదు సుమా!"

ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో పిల్లలందరినీ ఆధారాలు అడిగి వేపుకు తింటున్నాను, చూడబోతే ఆధారం నా ఇంట్లోనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతోంది. ఆ పూట చిక్కుడుకాయ కూరలో ఉప్పు వేశానో లేదో నాకు తెలియదు. ఆయన మాత్రం నోరెత్తకుండా తిన్నారు.

మర్నాడు సాయిశ్రీని స్టాఫ్‌రూమ్‌కు పిలిచి కరపత్రం చేతిలో పెట్టాను. మా ఆయన ఫైల్లో భద్రంగా దాచుకున్న కాపీ అది. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది. ముఖం పాలిపోయింది.

"మా తాత అబద్ధం చెప్పడు మేడమ్. మైకు నేను గూడ విన్న, గాని మా ఊరి ముచ్చటే వాళ్లు చదువుతున్నరనుకున్న."

"చెప్పాడని నేనన్నానా? ఆరుగురూ తాము విన్నదే చెప్పారు. కాకపోతే ఆరుగురూ ఒకే మైకు విన్నారు. మనం ఆరు ఆధారాలని మురిసిపోయాం. ఉన్నది ఒక్కటే."

సాయిశ్రీ కరపత్రం మడిచి బల్ల మీద పెట్టింది. నేనే అడిగాను, ఊళ్ళో ఈ కథ చెప్పనివాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అని.

"ఒక్కామె ఉన్నది. జంగమ్మవ్వ. అడిగితె నాకేం ఎర్క లేదు పో అన్నది. గందుకే టేప్ చేయలే."

"ఎర్క లేదన్న మనిషినే కదే ముందు టేప్ చెయ్యాల్సింది!" అని అరిచాను. పక్క కుర్చీలో కునుకు తీస్తున్న ఎకనామిక్స్ లెక్చరర్ ఉలిక్కిపడి లేచాడు.

ఆదివారం నేనూ వాళ్ళ ఊరు వెళ్ళాను. డిపో దగ్గర సాయిశ్రీ ఎదురొచ్చి ఆటో ఎక్కించింది. గుట్ట కింద అప్పటికే కార్లు ఆగి ఉన్నాయి. పట్నం వాళ్ళు నీళ్ళ సీసాలు పట్టుకుని ఎండకు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. బండ మీద తలకు తెల్లని పటకా చుట్టుకుని వీరస్వామి. మనిషి సన్నగా, నిటారుగా ఉన్నాడు. చేయి చాచి రాణి ఎటు నుంచి వచ్చిందో చూపించాడు, ఎక్కడ పల్లకి దించారో చూపించాడు. పల్లకి మా ఆయన కరపత్రంలో లేదు, అది ఆయన సొంతం. ఒక చిన్నపిల్ల రాణి ఇక్కడే కూర్చుందా తాతా అని అడిగితే, ఆ పిల్లను ఎత్తి సరిగ్గా అక్కడే కూర్చోబెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ముఖంలో సంతోషం చూస్తూ నేనూ కొట్టాను.

కిందికి దిగి వచ్చి నాకు దండం పెట్టాడు. "మా పిల్ల మీ గురించి మస్తు చెప్తది మేడమ్. రాణి ముచ్చట మా తాత నాకు చెప్పిండు. నేను దీనికి చెప్పిన. ఇగ ఇది పెద్దపెద్దోళ్లకు చెప్తదట!"

మీ తాత మీకు ఎప్పుడు చెప్పాడని నేను అడగాలి. పదిహేనేళ్ళుగా పిల్లల్ని అడిగిన ప్రశ్నే. అడగకుండా చాయ్ తాగి బాగుందన్నాను.

జంగమ్మ ఇల్లు ఊరి చివర. ఆమె గుమ్మంలో కూర్చుని చేటతో బియ్యం చెరుగుతోంది. ఈసారి సాయిశ్రీ టేప్ రికార్డర్ ముందే నొక్కింది.

"రాణా? గదెవ్వతె?" అంది జంగమ్మ. "నాకు సోయొచ్చినకాన్నించి గది పెద్దబండనే. మొన్న ఎండాకాలం నా బిడ్డ కాన్పుకని జల్‌పల్లి పోయిన. వానలు పడంగ మల్లొచ్చిన. నేను వచ్చెవరకు రాణొచ్చి కూసున్నది. అందరు రాణి రాణి అనవట్టిరి. నాకు ఎర్క లేకపాయె, నోరు మూసుకున్న."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఊరంతటిలో మైకు చెవిన పడని మనిషి ఆమె ఒక్కతే. ఆమె మాట ఒక్కటి ఆ ఆరు క్యాసెట్ల కంటే గట్టిది.

దారిలో మరో ఇద్దరిని అడిగాం. ఈసారి కథ అడగలేదు, మొదట ఎవరి నోట విన్నారని అడిగాం. ఒకాయన వీరస్వామి చెప్పాడన్నాడు. ఎల్లస్వామి అనే ఇంకో ఆయన మొదట మా ముత్తాత అన్నాడు, తర్వాత మా మేనత్త అన్నాడు, చుట్ట వెలిగించుకుంటూ కాసేపు ఆలోచించి, "అరె! గా ఆటోల మైకు గదా!" అని తొడ చరుచుకుని నవ్వాడు. "గింతకాలం ముత్తాత చెప్పిండనుకున్న పిల్లా!"

ఆయన నవ్వాడు. సాయిశ్రీ నవ్వలేదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు నా వైపు చూడకుండా మాట్లాడింది.

"ఆదివారం వస్తదంటె మా తాతకు పండుగ మేడమ్. పొద్దుగాలనే లేచి పటకా కట్టుకుంటడు. మా నాయనమ్మ ఎంత లొల్లి పెట్టినా వినడు. పొలం అమ్మినకాన్నించి గింత ఖుషీగ ఎన్నడు లేడు. గా సంతోషం నేనే గుంజుకోవాల్నా? గదిగూడ ఊరందరి ముందట?"

"వేరే విషయం తీసుకుందాం" అన్నాను. "చెరువు తూముల గురించి రాయి. పుస్తకాలు నేనిస్తాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

ఆ మాట అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యమేసింది. సాయిశ్రీ కూడా నన్ను కొత్తగా చూసింది. నిజం ఎంత ముఖ్యమో నాకు తెలుసు. కానీ బండ మీద ఆ ముసలాయన్ని చూశాక నాకూ మనసొప్పలేదు.

నాలుగు రోజులు ఆ అమ్మాయి కాలేజీకి రాలేదు. అయిదో రోజు వచ్చి నా బల్ల మీద కాగితాలు పెట్టింది. పైన "పెద్దబండ మీదికి రాణి ఎలా వచ్చింది" అని ఉంది.

"తూములు వద్దు మేడమ్. ఇదే చదువుత. ఎవరు చెప్పిన్రు, వాళ్లకు ఎవరు చెప్పిన్రు, మొదలు ఏడుందో మొత్తం రాసిన. మా తాత రేపు ఇంకెవరి నోటనో వింటె ఇంకా బాధైతది. నా నోటనే వినాలె."

"తాతకు చెప్పావా?"

"చెప్త."

రోజూ అడిగాను. రోజూ చెప్త అనే అంది. సదస్సు రోజు పొద్దున కూడా చెప్పలేదు. అన్నం దగ్గర నోరు తెరిచిందట. ఆయన కొత్త ధోవతి చూపించి ఎట్లుందని అడిగాడట.

మా హాలు నిండిపోయింది. ఊరివాళ్ళు ఆటోల్లో దిగారు. ముందు వరుసలో వీరస్వామి, పక్కన ఆయన భార్య స్వరాజ్యం, ఆమె వెనక జంగమ్మ. యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు వేదిక మీద కూర్చున్నారు. మా ఆయన్ని నేనే లాక్కొచ్చాను. "నేనెందుకే?" అంటే, "ఆధారం మీరేగా, నడవండి" అన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మూల కుర్చీలో ముడుచుకు కూర్చున్నారు.

సాయిశ్రీ చదవడం మొదలుపెట్టింది.  కరపత్రం గురించి, మైకు ఆటో గురించి, ఆరు క్యాసెట్లలో వినిపించిన ఒకే వాక్యం గురించి చదివింది. జంగమ్మ మాట చదివినప్పుడు హాలంతా గొల్లుమంది, జంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం వీరస్వామినే చూస్తున్నాను. ఆయన నవ్వడం లేదు. చివరి పేజీకి వచ్చేసరికి సాయిశ్రీ కాగితం మీంచి తల ఎత్తలేకపోయింది.

"ఈ కథకు దొరికిన ఆధారం ఒక్క కరపత్రమే. చెప్పినవారెవరూ అబద్ధం చెప్పలేదు. విన్న మాట నచ్చి, తమదే అనుకున్నారు" అని ముగించింది.

చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగిపోయాయి. వీరస్వామి లేచి నిలబడ్డాడు.

"అంటే రాణి రాలేదా బిడ్డా?"

"వచ్చిందో రాలేదో తెల్వదు తాతా. వచ్చిందని చెప్పెటందుకు ఏం దొర్కలే."

"మరి మా తాత నాకు చెప్పింది?"

సాయిశ్రీ పెదవి కొరుక్కుంది. అడగకూడదనుకున్న ప్రశ్న అడగక తప్పలేదు. "ఎప్పుడు చెప్పిండు తాతా?"

వీరస్వామి తడబాటు మా ఆయన చూడలేకపోయారు. లేచి, "తప్పు నాదండీ. అది రాసింది నేను" అన్నారు.

వీరస్వామి ఆయన వైపు తిరిగి నిదానంగా చూశాడు. "నువ్వా సారూ? మస్తు రాసినవ్. చెప్తుంటె నాకే కండ్లల్ల నీళ్లొచ్చేటియి."

మా ఆయన ముఖం మళ్ళీ వెలగబోయింది. నా చూపు తగిలి చప్పున కూర్చున్నారు.

వీరస్వామి పటకా విప్పి భుజం మీద వేసుకున్నాడు. "మా తాతను నేను సూడనే లేదు" అన్నాడు. గొంతు చిన్నదైంది. "మా నాయిన చిన్నగున్నప్పుడే ఆయన గత్తర రోగమొచ్చి పోయిండు. కార్లల్ల వచ్చినోళ్లు అడుగుతరు, తాతా, మీ తాత ఏం చెప్పేటోడు అని. ఏం చెప్పాలె? ఏం చెప్పలేదని చెప్తె మంచిగుంటదా? మైకుల విన్నది చెప్పిన. చెప్పంగ చెప్పంగ, మా తాత పక్కన కూసొని నాకే చెప్పినట్టనిపిచ్చింది. గట్లనన్న ఆయన మాట విన్న అనుకున్న."

 నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. చరిత్ర పాఠాలు చెప్పి చెప్పి నేను ఇంతవరకు ఒక్క మనిషినీ నీకెందుకు ఈ కథ కావాల్సి వచ్చిందని అడగలేదు.

సాయిశ్రీ వేదిక దిగి వచ్చింది. తాత ముందు నేల మీద కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"రేపు నన్ను గూడ అడుగుతరు తాతా, మీ తాత ఏం చెప్పిండని. రాణి ముచ్చట నాకొద్దు. నువ్వు చూసింది చెప్పు. పెద్దబండ మీద నువ్వు ఏం చూసినవ్?"

"నేనేం చూస్తనే? గదేమన్న కోటనా? బండ."

"ఏదో ఒకటి."

ఆయన ఆలోచించాడు. మెల్లగా మూతి మీదికి నవ్వు వచ్చింది. భార్య వైపు చూశాడు, చూపు తిప్పేసుకున్నాడు, మళ్ళీ చూశాడు.

"గిదేం రాయకు మరి" అన్నాడు. "మీ నాయనమ్మను మొదలు గాడనే చూసిన. గప్పటికి మాకు లగ్గం కాలే. పక్కూరి నుంచి కూలికొచ్చింది. బండ మీద మిరపకాయలు ఎండవోస్తున్నది. నేను ఎడ్లను ఇడిచిపెట్టి చూసుకుంట నిలవడ్డ. ఎడ్లు పోయి మంది చేన్ల పడ్డయి. మా నాయిన తుక్కు తుక్కు కొట్టిండు."

హాలు పగిలిపోయేలా నవ్వారు. ప్రొఫెసర్ గారు బల్ల చరిచి మరీ నవ్వారు. "గిప్పుడు ఆదివారం వచ్చెటోళ్లకు ఏం చెప్పాలె మరి?" అని వీరస్వామి అడిగితే, "గిదే చెప్పుండ్రి, ప్లాట్లు అమ్ముడువోతయి" అని వెనక నుంచి ఎల్లస్వామి కేకేశాడు.

స్వరాజ్యం ముఖం కందిపోయింది. కొంగు తల మీదికి లాక్కుని భర్త మోచేతి మీద ఒక్కటి వేసింది. "సిగ్గు లేదు ముసలోనికి! తప్పు చెప్తున్నడు, నమ్మకే పిల్లా. మిరపకాయలు కావు, పెసర్లు. ఎడ్లు కావు, ఒక్కటే ఎద్దు."

"మిరపకాయలే!" అన్నాడు వీరస్వామి. "నీ చెయ్యి మండుతున్నదని ఊదుకుంటివి గాదె?"

"గది ఇంకోరోజు!"

సాయిశ్రీ కళ్ళు తుడుచుకుని ఇద్దరి మధ్యా జరిగి కూర్చుంది. టేప్ రికార్డర్‌లో కొత్త క్యాసెట్ వేసి, "ఒక్కొక్కలు చెప్పుండ్రి, రెండు రాసుకుంట" అంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు.